స్కాన్ చేశారు.. 'ఏమీ లేదు' అని వచ్చింది.. 14.7 కోట్ల మంది డేటా పోయింది! బిల్డ్‌లో డిపెండెన్సీ స్కాన్ అంటే ఏంటి? ఎక్కడ తేడా కొడుతుంది?

సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని ప్రపంచమంతటికీ తెలిసింది. సరిచేసిన వెర్షన్ అదే రోజు బయటికొచ్చింది. మరుసటి రోజే కంపెనీకి ప్రభుత్వం నుంచి హెచ్చరిక అందింది. కంపెనీ వాళ్లు స్కాన్ కూడా చేశారు. స్కానర్ మాత్రం ఏమీ దొరకలేదని చెప్పింది. రెండు నెలలు తిరక్కుండానే దొంగలు లోపలికి దూరారు. 76 రోజులు తిష్ఠ వేశారు.

ఇది 2017లో అమెరికాలోని క్రెడిట్ రిపోర్టింగ్ సంస్థ ఈక్విఫాక్స్‌లో జరిగిన కథ. మన దగ్గర సిబిల్ స్కోర్ చూసి బ్యాంకులు లోన్ ఇస్తాయి కదా.. అక్కడ అలాంటి పని చేసే మూడు పెద్ద సంస్థల్లో ఇదొకటి. దాదాపు 14.7 కోట్ల మంది పేర్లు, పుట్టిన తేదీలు, అడ్రస్‌లు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు దొంగల చేతికి చిక్కాయి. అమెరికాలో క్రెడిట్ కార్డు, ఇంటి లోన్ తీసుకున్న మనవాళ్లలో చాలామంది అప్పట్లో తమ పేరు ఆ జాబితాలో ఉందేమోనని కంగారు పడ్డారు.

ఇప్పుడు ఐటీ కంపెనీల్లో ప్రతి బిల్డ్‌లోనూ 'డిపెండెన్సీ స్కాన్' ఉండాల్సిందే అంటున్నారు. కాలేజీ నుంచి కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లకూ మొదటి నెలలోనే ఈ మాట వినిపిస్తోంది. ఇంతకీ ఆ స్కాన్ ఏం చేస్తుంది? ఏం చేయలేదు? ఈక్విఫాక్స్‌లో ఎందుకు ఫెయిలైంది? వివరంగా చూద్దాం.

అసలేం జరిగింది?

వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జావా ఫ్రేమ్‌వర్క్ ఒకటుంది. పేరు అపాచీ స్ట్రట్స్. ఫ్రీగా దొరుకుతుంది, పెద్ద పెద్ద కంపెనీలు వాడతాయి. 2017 మార్చి 7న అందులో ఓ ఘోరమైన లోపం ఉందని అపాచీ ప్రకటించింది. దాని నంబర్ సీవీఈ-2017-5638. తీవ్రత 10కి 10. సర్వర్‌కు పంపే రిక్వెస్ట్‌లో ఒక హెడర్‌ను తేడాగా రాసి పంపితే చాలు.. పాస్‌వర్డ్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, సర్వర్ మీద మనకు నచ్చిన కమాండ్ నడుస్తుంది.

మార్చి 8న అమెరికా ప్రభుత్వ సైబర్ విభాగం ఈక్విఫాక్స్‌ను అలర్ట్ చేసింది. 9న కంపెనీ సెక్యూరిటీ టీమ్ 400 మందికి పైగా ఉద్యోగులకు మెయిల్ పంపింది. స్ట్రట్స్ వాడుతుంటే 48 గంటల్లో ప్యాచ్ వేయాలని ఆదేశం. ఇంతవరకు అంతా పద్ధతిగానే నడిచింది. అయితే ఆ మెయిల్ జాబితా పాతది. ప్యాచ్ వేయాల్సిన మనుషులకే అది చేరలేదు.

మార్చి 15న స్కాన్ చేశారు. స్కానర్ రూట్ డైరెక్టరీ వరకే చూసింది. స్ట్రట్స్ ఉన్నది లోపలి సబ్ డైరెక్టరీలో. దాంతో రిపోర్ట్ క్లీన్‌గా వచ్చింది. అప్పటికే, అంటే మార్చి 10నే, ఎవరో బయటి వాళ్లు ఆ పోర్టల్‌ను తడిమి చూసి లోపం ఉందని కనిపెట్టేశారు. కంపెనీ స్కానర్‌కు కనిపించనిది వాళ్లకు కనిపించింది!

మే 13న అసలు దాడి మొదలైంది. లోపలికి వెళ్లాక ఒకచోట మామూలు అక్షరాల్లో రాసిపెట్టిన యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌లు దొరికాయి. వాటితో ఈ పోర్టల్‌తో సంబంధమే లేని 48 డేటాబేస్‌లలోకి వెళ్లారు. దాదాపు 9 వేల క్వెరీలు కొట్టారు. నెట్‌వర్క్‌ను గమనించే పరికరం ఒకటి ఉంది కానీ దాని సర్టిఫికెట్ గడువు తీరిపోయి నెలల తరబడి అది గుడ్డిదై కూర్చుంది. జులై 29న కొత్త సర్టిఫికెట్ వేయగానే అనుమానాస్పద ట్రాఫిక్ బయటపడింది. మర్నాడు పోర్టల్ మూసేశారు. సెప్టెంబర్ 7న జనానికి చెప్పారు. అదే నెలలో సీఈఓ రిచర్డ్ స్మిత్ దిగిపోయారు. 2019 జులైలో కుదిరిన సెటిల్‌మెంట్ కనీసం 57.5 కోట్ల డాలర్లు. అవసరమైతే 70 కోట్ల డాలర్ల దాకా పోవచ్చని అందులోనే రాసుకున్నారు. 2020 ఫిబ్రవరిలో నలుగురు చైనా సైనికులపై అమెరికా కేసు పెట్టింది.

ఆ పోర్టల్ మూలాలు 1970లలో కట్టిన సిస్టమ్‌లో ఉన్నాయి. దాంట్లో ఏయే సాఫ్ట్‌వేర్ ముక్కలు ఉన్నాయో చెప్పే జాబితా కంపెనీ దగ్గర సరిగా లేదు. డిపెండెన్సీ స్కాన్ గురించి మాట్లాడుకోవాల్సిన అసలు విషయం ఇక్కడే ఉంది.

డిపెండెన్సీ అంటే ఏంటి?

ఇల్లు కట్టే మేస్త్రి సిమెంటు, కరెంటు వైరు, కుళాయి సొంతంగా తయారు చేసుకోడు. బజార్లో కొంటాడు. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. తేదీలు లెక్కించడానికి ఒక లైబ్రరీ, లాగ్ రాయడానికి ఒకటి, ఫొటో సైజు తగ్గించడానికి ఇంకొకటి.. అన్నీ ఎవరో రాసి పెట్టినవే తెచ్చుకుంటారు. వీటినే డిపెండెన్సీలు అంటారు. జావా వాళ్లు మావెన్ నుంచి, జావాస్క్రిప్ట్ వాళ్లు ఎన్‌పీఎం నుంచి, పైథాన్ వాళ్లు పైపీఐ నుంచి దింపుకుంటారు.

చిక్కు ఏంటంటే.. మీరు పది లైబ్రరీలు తెచ్చుకుంటే, వాటిలో ఒక్కోటి మరికొన్నింటిని వెంట తెచ్చుకుంటుంది. అవి ఇంకొన్నింటిని. పెళ్లికి ఒక్కరిని పిలిస్తే ఊరంతా దిగినట్టు! మీరు రాసిన జాబితాలో పది పేర్లే కనిపిస్తాయి, బిల్డ్ అయ్యాక లోపల కొన్ని వందలు ఉంటాయి. వాటి పేర్లు కూడా మీరు విని ఉండరు.

ఇది ఎంత లోతుకు వెళ్తుందో 2021 డిసెంబర్‌లో తెలిసింది. లాగ్4జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు గూగుల్ ఇంజినీర్లు మావెన్ సెంట్రల్‌ను జల్లెడ పట్టారు. 35 వేలకు పైగా ప్యాకేజీలు ప్రభావితమయ్యాయి, మొత్తంలో 8 శాతం కంటే ఎక్కువ. వాటిలో ఎక్కువ భాగం లాగ్4జేను నేరుగా వాడినవి కావు. ఎక్కడో నాలుగైదు మెట్ల కింద, వేరే లైబ్రరీ వెంట వచ్చి కూర్చుంది. 'మేం లాగ్4జే వాడటం లేదు' అని ధీమాగా చెప్పిన టీమ్‌లు ఆ వారం రాత్రుళ్లు నిద్రపోకపోవడానికి కారణం అదే.

స్కానర్ లోపల ఏం జరుగుతుంది?

చాలామంది అనుకునేంత మాయేమీ లేదు. స్కానర్ మీ కోడ్ చదివి లోపాలు పసిగట్టదు. అది చేసేది రెండు జాబితాలను పోల్చడం.

మొదటి జాబితా మీది. ప్రాజెక్ట్‌లో లాక్ ఫైల్ అని ఒకటి ఉంటుంది. అందులో ప్రతి డిపెండెన్సీ పేరు, కచ్చితమైన వెర్షన్ నంబర్, అది వెంట తెచ్చుకున్నవాటి నంబర్లతో సహా రాసి ఉంటాయి. స్కానర్ దాన్ని చదువుతుంది. లాక్ ఫైల్ లేకపోతే? '2 కంటే పైది ఏదైనా పర్లేదు' లాంటి రాతలే మిగులుతాయి. అప్పుడు ఈ రోజు స్కాన్ చేసింది ఒకటి, రేపు సర్వర్‌లోకి వెళ్లేది మరొకటి కావచ్చు. స్కాన్ పెట్టే ముందు లాక్ ఫైల్ రిపాజిటరీలో ఉందో లేదో చూసుకోమనేది అందుకే.

రెండోది లోపాల జాబితా. 1999 నుంచి అమెరికాలో మైటర్ అనే సంస్థ ఇలాంటి ప్రతి లోపానికి ఒక సీవీఈ నంబర్ ఇచ్చే పద్ధతిని నడుపుతోంది. దాని మీద నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థ ఎన్‌వీడీ డేటాబేస్ నిర్వహిస్తుంది. ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్ వరకు ప్రమాదం, తీవ్రత ఎంత అని అందులో చేరుస్తారు. గిట్‌హబ్‌కు సొంత డేటాబేస్ ఉంది. గూగుల్ 2021లో ఓఎస్‌వీ అనే మరొకటి మొదలుపెట్టింది.

ఉదాహరణకు ఆ స్ట్రట్స్ లోపం 2.3.5 నుంచి 2.3.31 వరకు, 2.5 నుంచి 2.5.10 వరకు ఉంది. మీ లాక్ ఫైల్‌లో 2.3.30 కనిపిస్తే ఎర్ర లైన్. 2.3.32 ఉంటే పచ్చ. అంతే!

రెండు జాబితాలూ సరిగ్గా ఉంటేనే ఫలితం సరిగ్గా వస్తుంది. ఈక్విఫాక్స్‌లో లోపాల జాబితా బాగానే ఉంది, తమ దగ్గర ఏం ఉందో చెప్పే జాబితాలో స్ట్రట్స్ లేదు. 2024 ఫిబ్రవరిలో దీనికి రివర్స్ జరిగింది. ఎన్‌వీడీలో పని ఒక్కసారిగా నెమ్మదించింది. వేల సీవీఈలు ఏ ప్రొడక్ట్‌కు, ఏ వెర్షన్‌కు చెందినవో వివరాలు చేరకుండానే ఉండిపోయాయి. కేవలం ఎన్‌వీడీ మీద ఆధారపడ్డ స్కానర్లకు అవి కనిపించలేదు. ఆ తర్వాత 2025 ఏప్రిల్‌లో మైటర్ కాంట్రాక్ట్ గడువు ముగిసిపోతుందన్న వార్తతో పెద్ద కలకలం రేగింది. చివరి నిమిషంలో అమెరికా సైబర్ ఏజెన్సీ సీసా దాన్ని 11 నెలలు పొడిగించింది. మన బిల్డ్‌లో పచ్చ టిక్ పడటానికి వెనకాల ఎక్కడో వాషింగ్టన్‌లో ఒక సంతకం పడాలన్నది అప్పటిదాకా చాలామందికి తట్టనే లేదు.

బిల్డ్‌లో పెట్టారు సరే.. బిల్డ్ ఆగుతుందా?

ఇప్పుడు కంపెనీల్లో కోడ్ రాసిన వాళ్లు దాన్ని రిపాజిటరీలోకి తోయగానే మిగతా పని మెషిన్ చేస్తుంది. జెన్‌కిన్స్, గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్ లాంటివి కోడ్ తీసుకుని, డిపెండెన్సీలు దింపి, కంపైల్ చేసి, టెస్టులు నడిపి, చివరికి సర్వర్‌కు పంపుతాయి. డిపెండెన్సీలు దింపిన వెంటనే స్కాన్ మెట్టు పెడితే, లోపమున్న వెర్షన్ సర్వర్ గడప తొక్కకముందే దొరుకుతుంది. ఆలోచన సింపుల్.

కానీ ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఓవాస్ప్ డిపెండెన్సీ చెక్ అనే ఫ్రీ టూల్ జావా ప్రపంచంలో బాగా పాపులర్. తీవ్రత స్కోర్ ఇంత దాటితే బిల్డ్ ఆపేయాలి అని చెప్పే సెట్టింగ్ దాంట్లో ఉంది. మనం ఏమీ మార్చకపోతే ఆ విలువ ఎంతో తెలుసా? 11. స్కోర్లు ఉండేది 0 నుంచి 10 వరకే! అంటే 10కి 10 లోపం దొరికినా రిపోర్ట్‌లో రాసి ఊరుకుంటుంది, బిల్డ్ మాత్రం దర్జాగా పాసవుతుంది.

ట్రివీ కూడా అంతే. కంటైనర్లు స్కాన్ చేయడానికి చాలామంది వాడే టూల్ ఇది. లోపాలు ఎన్ని దొరికినా మామూలుగా 'సక్సెస్' కోడ్‌తోనే బయటికొస్తుంది. ఫెయిల్ కావాలంటే ఎగ్జిట్ కోడ్ 1 అని మనమే చెప్పాలి. ఎన్‌పీఎంలో ఇంకో రకం. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసినప్పుడు చివర్లో ఇన్ని లోపాలు ఉన్నాయని ఒక లైన్ పడుతుంది, పని మాత్రం ఆగదు. విడిగా ఎన్‌పీఎం ఆడిట్ నడిపితేనే ఎర్రర్ కోడ్ వస్తుంది.

టూల్ తయారు చేసిన వాళ్లను తప్పు పట్టలేం. మొదటి రోజే అన్ని బిల్డ్‌లూ ఆగిపోతే ఎవరూ ఆ టూల్ ముట్టుకోరు. కానీ చాలా టీమ్‌లు ఇన్‌స్టాల్ చేసిన రోజునే పని అయిపోయిందనుకుంటాయి. రిపోర్ట్ ఒక ఫోల్డర్‌లో పడుతుంటుంది. ఆడిట్ వాళ్లు అడిగినప్పుడు చూపించడానికి బాగుంటుంది. దాన్ని తెరిచి చదివే మనిషి ఉండడు. మీ టీమ్‌లో ఈ స్కాన్ నిజంగా పనిచేస్తోందా అని తెలుసుకోవాలంటే చిన్న పరీక్ష చాలు. టెస్ట్ బ్రాంచ్‌లో కావాలనే లాగ్4జే 2.14.1 వెర్షన్ చేర్చి బిల్డ్ నడపండి. బిల్డ్ ఎర్రగా మారితే సరే. పచ్చగానే ఉంటే.. ఇన్నాళ్లూ మీ స్కానర్ ఉత్త బోర్డు మాత్రమే.

ఒకేసారి 300 ఎర్ర లైన్లు.. ఏం చేయాలి?

పాత ప్రాజెక్ట్‌పై మొదటిసారి స్కాన్ నడిపితే వందల్లో లోపాలు రావడం మామూలే. 2024లోనే దాదాపు 40 వేల కొత్త సీవీఈలు వచ్చాయి మరి. అన్నీ సరిచేశాకే రిలీజ్ అంటే ప్రాజెక్ట్ మేనేజర్ మూడో రోజుకే ఆ మెట్టు తీసేయమంటాడు. స్కాన్ వ్యవస్థలు ఎక్కువగా చచ్చేది ఇలాగే.

దీని మీద విమర్శలూ గట్టిగానే ఉన్నాయి. రియాక్ట్ టీమ్‌లో పనిచేసిన డాన్ అబ్రమోవ్ 2021లో ఎన్‌పీఎం ఆడిట్ తయారైన తీరే తప్పని ఓ వ్యాసం రాశారు. డెవలపర్ కంప్యూటర్‌లో మాత్రమే నడిచే బిల్డ్ టూల్స్‌లో ఉన్న లోపాలను కూడా సర్వర్ మీద దాడి జరిగినంత సీరియస్‌గా చూపిస్తే, జనం చివరికి అన్నింటినీ పట్టించుకోవడం మానేస్తారన్నది ఆయన వాదన. అందులో నిజముంది.

అందుకే గేటు పెట్టే పద్ధతి ముఖ్యం. సీవీఎస్ఎస్ స్కోర్‌లో 7 నుంచి 8.9 వరకు 'హై', 9, ఆపైన 'క్రిటికల్'. ముందు క్రిటికల్‌కు మాత్రమే, అదీ సరిచేసిన వెర్షన్ ఉన్న వాటికే బిల్డ్ ఆపడం మొదలుపెట్టాలి. పాత లోపాలను ఒక చిట్టాలో రాసుకుని, కొత్తగా వచ్చి చేరేవాటిని గేటు దగ్గరే ఆపాలి. ప్రొడక్షన్‌లోకి వెళ్లని డెవలప్‌మెంట్ ప్యాకేజీలను వేరుగా లెక్కేయాలి.

స్కోర్ ఒక్కటే చూస్తే సరిపోదు. సీసా 2021 నవంబర్ నుంచి ఒక జాబితా ప్రచురిస్తోంది. దొంగలు నిజంగా వాడుతున్నారని రుజువైన లోపాలే అందులో ఉంటాయి. మీ రిపోర్ట్‌లోని నంబర్ ఆ జాబితాలో కూడా కనిపిస్తే మిగతా పనులు పక్కన పెట్టాల్సిందే. గో భాషకు గోవల్న్‌చెక్ అనే టూల్ ఉంది. అది ఇంకో అడుగు ముందుకెళ్లి, లోపమున్న ఫంక్షన్‌ను మీ కోడ్ అసలు పిలుస్తోందా లేదా అని చూస్తుంది. పిలవకపోతే గోల చేయదు. అన్ని భాషలకూ ఇంత మంచి టూల్ ఉంటే బాగుండేది.

ఇక 'ఇగ్నోర్ లిస్ట్'. ఇది మాకు వర్తించదు అని తేల్చుకున్న లోపాన్ని పక్కన పెట్టే ఫైల్ ఇది. అవసరమే. కాకపోతే రిలీజ్ రోజు హడావుడిలో అందులో చేర్చింది మూడేళ్లయినా అక్కడే ఉంటుంది. చేర్చిన మనిషి అప్పటికి కంపెనీ మారిపోయి ఉంటాడు! ట్రివీలోనూ, డిపెండెన్సీ చెక్‌లోనూ ప్రతి మినహాయింపుకు గడువు తేదీ పెట్టే వీలుంది. ఆ తేదీ దాటగానే లోపం మళ్లీ ఎర్రగా కనిపిస్తుంది. గడువు, పక్కనే ఒక లైన్ కారణం లేకుండా ఏదీ చేర్చకూడదన్న రూల్ పెట్టుకున్న టీమ్‌లు హాయిగా ఉంటాయి.

కోడ్ ముట్టుకోలేదు.. అయినా ప్రమాదం!

బిల్డ్ జరిగినప్పుడే స్కాన్ నడుస్తుంది కదా.. మరి ఆరు నెలలుగా ఎవరూ ముట్టుకోని అప్లికేషన్ సంగతేంటి?

2021 డిసెంబర్ 8న లాగ్4జే 2.14.1తో బిల్డ్ చేసి ఉంటే ఆ లోపం ఏ స్కానర్‌కూ దొరికేది కాదు. 10వ తేదీకి అదే బిల్డ్ ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన వాటిలో ఒకటైంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, లోపాల జాబితా మారింది. పైగా అది ఒక్క దెబ్బతో పోలేదు. 2.15.0 వచ్చింది, అందులో ఇంకో లోపం. 2.16.0 వచ్చింది, మళ్లీ ఇంకోటి. 2.17.0, ఆ తర్వాత 2.17.1. మూడు వారాల్లోపే ఇన్ని! సోమవారం ప్యాచ్ వేసి ఊపిరి పీల్చుకున్న వాళ్లు తర్వాతి వారం మళ్లీ మొదటికొచ్చారు. లాగ్4జే పాత వెర్షన్లు పదేళ్లు, ఇంకా ఎక్కువ కాలం కూడా ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉంటాయని అమెరికా సైబర్ సేఫ్టీ రివ్యూ బోర్డు 2022 జులైలో తేల్చింది.

కాబట్టి బిల్డ్‌తో పాటు రోజూ రాత్రి ఒకసారి, ప్రస్తుతం సర్వర్లలో నడుస్తున్న వెర్షన్ల మీద స్కాన్ నడపాలి. దీనికోసం మొత్తం కోడ్ మళ్లీ బిల్డ్ చేయక్కర్లేదు. బిల్డ్ సమయంలోనే లోపల ఏమేం ఉన్నాయో ఒక జాబితా తీసి దాచుకుంటే చాలు. దీన్నే ఎస్‌బామ్ అంటున్నారు. మందు డబ్బా మీద ఏమేం కలిశాయో రాసినట్టే ఇదీ. సైక్లోన్‌డీఎక్స్, ఎస్‌పీడీఎక్స్ అని రెండు ఫార్మాట్లు వాడుకలో ఉన్నాయి. కొత్త లోపం బయటపడిన రోజు 'మన దగ్గర ఇది ఎక్కడుంది?' అని 400 మందికి మెయిల్ పెట్టే బదులు ఆ జాబితాల్లో వెతికితే నిమిషాల్లో తేలుతుంది.

జాబితా తీసేటప్పుడు ఒక జాగ్రత్త. జావాలో చాలామంది అన్ని లైబ్రరీలనూ ఒకే పెద్ద జార్ ఫైల్‌లో కుక్కేస్తారు. కొన్నిసార్లు లోపలి పేర్లు కూడా మార్చేస్తారు. సీ భాషలో అయితే ఎక్కడి నుంచో ఫైళ్లు కాపీ చేసి తమ ఫోల్డర్‌లో పడేస్తారు. వీటి పేర్లు ఏ లాక్ ఫైల్‌లోనూ ఉండవు. లాక్ ఫైల్ ఒక్కటే చదివే స్కానర్‌కు ఇవి కనిపించవు. రూట్ డైరెక్టరీ వరకే చూసిన ఈక్విఫాక్స్ స్కానర్ పరిస్థితే. చివరగా తయారైన జార్‌ను, కంటైనర్‌ను కూడా విప్పి చూసే స్కాన్ ఒకటి అదనంగా పెట్టుకోవాలి.

తెలిసినవే దొరుకుతాయి.. మరి తెలియనివి?

2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే ఎన్‌పీఎం ప్యాకేజీని దాని అసలు రచయిత, సాయం చేస్తానని వచ్చిన ఓ అపరిచితుడికి అప్పగించారు. అతను చిన్న డిపెండెన్సీ ఒకటి చేర్చాడు. అందులో కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ యాప్‌ను దోచే కోడ్ దాచాడు. రెండు నెలలకు పైగా ఎవరూ కనిపెట్టలేదు. ఆ కాలమంతా స్కానర్లు పచ్చ టిక్ పెడుతూనే ఉన్నాయి. దానికి ఇంకా నంబర్ లేదు కదా!

2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ సంగతి బయటపడింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ దారి పెట్టారు. రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేస్తున్నట్టు నటించిన మారుపేరు వ్యక్తి పని అది. దొరికింది ఏ టూల్ వల్లా కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తన మెషిన్‌లో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేంటని తవ్వితే తేలింది.

2025 సెప్టెంబర్‌లో చాక్, డీబగ్ లాంటి 18 ఎన్‌పీఎం ప్యాకేజీలకు ఇదే గతి పట్టింది. వాటి డౌన్‌లోడ్లు అన్నీ కలిపి వారానికి 200 కోట్లకు పైనే. నకిలీ ఎన్‌పీఎం మెయిల్‌తో రచయిత అకౌంట్ కొట్టేశారు. అదృష్టం కొద్దీ గంటల్లోనే దొరికిపోయింది.

ఇలాంటి వాటికి డిపెండెన్సీ స్కాన్ మందు కాదు. ఇంకా చెప్పాలంటే 'ఎప్పుడూ లేటెస్ట్ వెర్షన్ వేసుకో' అనే సలహా ఇక్కడ ఎదురు తంతుంది. విష వెర్షన్ రాగానే అప్‌డేట్ చేసుకున్న వాళ్లే దెబ్బతిన్నారు. అందుకే కొత్త వెర్షన్ వచ్చాక కొన్ని రోజులు ఆగి తీసుకునే సెట్టింగ్‌లు ఇప్పుడు వస్తున్నాయి. పీఎన్‌పీఎం 2025 సెప్టెంబర్‌లో అలాంటిది తెచ్చింది. సెక్యూరిటీ ప్యాచ్ అయితే వెంటనే, మామూలు అప్‌డేట్ అయితే వారం ఆగి.. ఈ రెండింటినీ వేరు చేసుకోవడమే ప్రస్తుతానికి తెలివైన దారి.

బిల్డ్ మెషిన్ కూడా ఒక డిపెండెన్సీనే

స్కాన్ నడిపే పైప్‌లైన్‌లోకే దొంగ దూరితే? 2025 మార్చిలో జరిగింది. టీజే యాక్షన్స్ వాళ్ల 'చేంజ్డ్ ఫైల్స్' అనే గిట్‌హబ్ యాక్షన్‌ను 23 వేలకు పైగా రిపాజిటరీలు వాడుతున్నాయి. దాడి చేసిన వాళ్లు పాత వెర్షన్ ట్యాగ్‌లన్నింటినీ తమ విష కోడ్ వైపు తిప్పేశారు. బిల్డ్ నడిచినప్పుడల్లా లోపలి పాస్‌వర్డ్‌లు, కీలు బిల్డ్ లాగ్‌లో పడిపోయాయి. పబ్లిక్ రిపాజిటరీ అయితే ఆ లాగ్ ఎవరైనా చదవొచ్చు.

ట్యాగ్ పేరును నమ్మకుండా కమిట్ హ్యాష్ మొత్తం రాసుకున్న టీమ్‌లలో చాలావరకు బయటపడ్డాయి. ట్యాగ్‌ను జరపొచ్చు, హ్యాష్‌ను జరపలేరు. మీ స్కానర్‌ను కూడా బిల్డ్‌లోకి ఇలాగే హ్యాష్‌తోనే తెచ్చుకోండి. స్కానర్ కూడా బయట నుంచి వచ్చిన ప్రోగ్రామే కదా. స్కాన్ మెట్టుకు ప్రొడక్షన్ కీలు అందుబాటులో ఉంచాల్సిన అవసరమూ లేదు.

మన దేశంలో రూల్స్ ఏంటి?

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోపు రిపోర్ట్ చేయాలి. 2024 అక్టోబర్‌లో అదే సంస్థ ఎస్‌బామ్‌పై సాంకేతిక మార్గదర్శకాలు విడుదల చేసింది. అంతకు ముందు ఆగస్టులో సెబీ తెచ్చిన సైబర్ సెక్యూరిటీ ఫ్రేమ్‌వర్క్‌లోనూ ఎస్‌బామ్ ప్రస్తావన ఉంది. అమెరికాలో 2021 మే నాటి అధ్యక్ష ఉత్తర్వు తర్వాత ప్రభుత్వానికి సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లను ఈ జాబితా అడగడం మొదలైంది. ఆ ప్రాజెక్టుల మీద పనిచేసే వాళ్లు ఇక్కడ హైదరాబాద్‌లో ఉన్నా, క్లయింట్ నుంచి ఆ అడుగుడు వస్తూనే ఉంటుంది.

సొంత ప్రాజెక్ట్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

స్టూడెంట్లకు, చిన్న స్టార్టప్‌లకు డబ్బు ఖర్చే లేదు. గిట్‌హబ్‌లో కోడ్ ఉంటే సెట్టింగ్స్‌లో డిపెండబాట్ ఆన్ చేసుకుంటే చాలు. లోపమున్న వెర్షన్ కనిపిస్తే సరిచేసిన వెర్షన్‌తో పుల్ రిక్వెస్ట్ తనే పెడుతుంది. పైథాన్‌కు పిప్ ఆడిట్, జావాస్క్రిప్ట్‌కు ఎన్‌పీఎం ఆడిట్, కంటైనర్లకు ట్రివీ.. అన్నీ ఫ్రీనే. పుల్ రిక్వెస్ట్ వచ్చినప్పుడు టెస్టులు పాసైతే కలిపేయొచ్చు. టెస్టులే లేకపోతే అప్‌డేట్ వేయడానికి భయమేస్తుంది, వేయకపోతే స్కానర్ ఊరుకోదు. నాలుగు టెస్టులైనా ముందు రాసుకోవడం మంచిదని సీనియర్లు చెప్పేది ఇందుకే.

పెద్ద టీమ్‌లో అయితే టూల్ ఎంచుకునే ముందే ఒక పేరు రాసుకోవాలి. బిల్డ్ ఎర్రగా మారితే ఫోన్ ఎవరికి వెళ్తుంది? వాళ్లు సెలవులో ఉంటే ఎవరికి? ఎన్ని రోజుల్లో ప్యాచ్ పడాలి, పడిందని ఎవరు మళ్లీ స్కాన్ చేసి చూడాలి? ఈక్విఫాక్స్‌లో 48 గంటల గడువు కాగితం మీద ఉంది. ఆ పోర్టల్‌కు ప్యాచ్ వేశారా అని వెళ్లి చూసిన మనిషే లేరు.